ఇరవై ఏళ్ళ అప్పు, ఈ రాత్రి రాకడ

బ్యాంకులో ఇంటి అప్పుల బల్ల దగ్గర కూర్చునే క్రైస్తవుడికి ఒక చిక్కు ఉంది. అతని ముందుకు వచ్చే కాగితాలన్నీ రాబోయే కాలాన్ని గురించినవే. అప్పు అడిగినవాడి వయసెంత, రిటైరు కావడానికి ఇంకా ఎన్నేళ్ళున్నాయి, 240 వాయిదాల్లో ఆఖరిది ఏ సంవత్సరం ఏ నెలలో పడుతుంది అన్నీ లెక్కకట్టి కంప్యూటరు అచ్చువేసి ఇస్తుంది. దాని కింద సంతకం పెట్టేవాడేమో ముందురోజే చర్చిలో మోకరించి, ప్రభువా త్వరగా రమ్మని ప్రార్థించి వచ్చినవాడు. నాతో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక సహోద్యోగి, హోసూరు పక్క పల్లె నుంచి వచ్చిన తెలుగాయన, ఈ సంగతి కనిపెట్టి ఒకనాడు టీ తాగుతూ అడిగారు: "ఏమండీ, ఆదివారం పూట మీ ప్రభువు ఈ రాత్రే రావచ్చునంటారు. సోమవారం పొద్దున ఇరవై ఏళ్ళ అప్పుకు సంతకం పెడతారు. రెంటిలో మీరు నిజంగా నమ్మేది ఏదండీ?"

ఆయన ఎగతాళికి అడగలేదు. ఏకాదశి ఉపవాసం తప్పని మనిషి. నమ్మకం అంటే ఏమిటో తెలిసినవాడు. నేను అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయింది. దానికి నాకు తోచిన జవాబు ఈ పత్రికలో రాయడం సబబే అనిపించింది. ఇది చదివేవారిలో క్రైస్తవులు కొందరే కావచ్చు. కాని ఒకచోట కాపురముంటూ మరొకచోటికి చెందివుండటమనేది మన రాష్ట్రేతర తెలుగువారందరికీ ఎరుకైన సంగతే గదా.

క్రీస్తు మళ్ళీ వస్తాడని, చనిపోయినవారిని లేపుతాడని, లోకానికి తీర్పు తీర్చి అన్నిటినీ కొత్తవిగా చేస్తాడని క్రైస్తవుల విశ్వాసం. తెలుగు క్రైస్తవులు దీన్ని 'రెండవ రాకడ' అంటారు. రాకడ అనే మాట వినగానే తెలుగువాడికి గుర్తొచ్చేది సామెతే: వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? మా కోలారు జిల్లాలాంటి మెట్టప్రాంతంలో ఈ సామెతకు బరువెక్కువ. వాన ఎప్పుడొస్తుందో తెలియదని ఏ రైతూ చేతులు ముడుచుకుని కూర్చోడు. దుక్కి దున్ని పెట్టుకుంటాడు, విత్తనం ఎండబెట్టి దాచుకుంటాడు, ఇంటికప్పు సర్దుకుంటాడు. తేదీ తెలియకపోవడం వల్లనే ఆ పనులన్నీ ముందుగా చేస్తాడు. తెలిసివుంటే ముందురోజు దాకా ఆగివుండేవాడేమో.

అయినా తేదీ తెలుసుకోవాలనే ఆశ మనిషిని వదలదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథంలోని సంఖ్యలు పట్టుకుని లెక్కలు వేశాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 అని తేల్చుకున్నారు. కొందరైతే పొలాల్లో పంట కూడా తీయకుండా ఎదురుచూశారు. ఆ రాత్రి గడిచి, ఎప్పటిలాగానే తెల్లవారింది. ఇటువంటి రాత్రి ఒకటి నాకూ తెలుసు. 1999 డిసెంబరు 31న, 2000 అనే అంకెను కంప్యూటర్లు గుర్తుపడతాయో లేదోనని మేం కొందరం బ్యాంకులోనే ఉండిపోయాం. ఆ వారమే బస్టాండులో ఎవరో లోకాంతం వచ్చేసిందని కరపత్రాలు పంచారు. గడియారం పన్నెండు దాటింది, తెర మీద తేదీ మారింది, వాచ్‌మన్ ఫ్లాస్కులో టీ తెచ్చాడు.

ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని, పరలోక దూతలకు కూడా తెలియవని యేసే చెప్పాడు. మరి తేదీ లేని బాకీకి ఎలా సిద్ధపడాలి? కామర్సు చదివినవాణ్ణి గనుక నాకు హుండీలు గుర్తొస్తాయి. దేవుడి హుండీ గాదు, వర్తకుల హుండీ. అందులో రెండు రకాలు. గడువు హుండీ మీద ఇన్ని రోజులకు చెల్లించాలని రాసి ఉంటుంది. ఆ గడువు మీద మరో మూడు రోజులు కూడా చట్టం ఇస్తుంది. దర్శనీ హుండీ అట్లా కాదు. తెచ్చి చూపించిన రోజే చెల్లించాలి. 1881 నాటి చట్టం దానికి ఆ మూడు రోజులు ఇవ్వలేదు. మా కాలేజీ పాఠాల్లో వాటిని 'అనుగ్రహ దినాలు' అనేవారు. వర్తకుల మాటకూ చర్చి మాటకూ ఇంత దగ్గర చుట్టరికం ఉన్నందుకు అప్పట్లోనే ఆశ్చర్యపోయాను.

మృత్యువు అందరి పేరిటా రాసిన దర్శనీ హుండీ. అది తెలియనివాడు లేడు. రాకడ కూడా అటువంటిదే, ఒక్క తేడా ఉంది. హుండీ తెచ్చి చూపించాక అనుగ్రహ దినాలు లేవు. చూపించకముందు గడిచే దినాలన్నీ అనుగ్రహ దినాలే. ప్రభువు ఆలస్యం చేస్తున్నాడని విసుక్కున్నవారికి పేతురు పేరిట ఉన్న రెండవ పత్రిక చెప్పే సమాధానం ఇదే: అది ఆలస్యం కాదు, మనకోసం ఓర్చుకోవడం. 2016 నవంబరు 8 రాత్రి 8 గంటలకు పెద్దనోట్ల రద్దు ప్రకటించి, అర్ధరాత్రి నుంచి అమలు చేశారు. ఆ రాత్రి మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పాతనోట్లు బ్యాంకులో వేసుకోవడానికి డిసెంబరు 30 దాకా గడువిచ్చారు. ఆ యాభై రోజులు కౌంటరు ముందు నిలబడ్డ ముఖాలు చూశాక, గడువు అనే మాట విలువ నాకు బాగా తెలిసింది.

ఇక మా సహోద్యోగి ప్రశ్నకు వస్తాను. దానికి సరైన జవాబు చెప్పినవాడు యిర్మీయా ప్రవక్త అని నా అభిప్రాయం. క్రీస్తుకు పూర్వం 587 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ఊరు పడిపోవడం ఖాయమని చెబుతూ వచ్చినవాడు యిర్మీయా. ఆ మాట చెప్పినందుకే చెరసాలలో ఉన్నాడు. అటువంటి సమయంలో ఆయన దగ్గరికి పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో తనకున్న పొలం కొనమన్నాడు. శత్రువుల పాలు కాబోతున్న దేశంలో పొలం! బ్యాంకు ఆఫీసరెవరూ ఆ పొలం మీద పావలా అప్పివ్వడు. యిర్మీయా కొన్నాడు. 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. దస్తావేజు రాయించి సంతకం చేశాడు, సాక్షులను పెట్టాడు, ముద్ర వేయించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, తెరిచివుంచిన ప్రతి ఒకటి. రెంటినీ బారూకు చేతికిచ్చి, చాలా కాలం చెడకుండా ఉండేటట్టు మట్టికుండలో పెట్టమన్నాడు. ఆ దేశంలో ఇళ్ళూ పొలాలూ మళ్ళీ కొంటారని దేవుడు చెప్పిన మాటకు ఆయన చేసిన రిజిస్ట్రేషను అది.

ప్రవక్తల గ్రంథాల్లో ఇంత వివరంగా ఒక క్రయపత్రం ఉండటం చూసి నా వృత్తికి కాస్త గర్వపడ్డాను. అంతం దగ్గరపడిందని గట్టిగా నమ్మినవాడే పొలం కొన్నాడు. ఆ అంతం దేవుడి చేతిలో ఉన్నదని కూడా అతనికి తెలుసు గనుక కొన్నాడు. రేపటి పని మానేసినవాళ్ళు థెస్సలొనీకలో ఉండేవారు. ప్రభువు వచ్చేస్తున్నాడని పనులు వదిలి, పరుల జోలికి పోయేవారు. గుడారాలు కుట్టి బతికిన పౌలు వాళ్ళను మెచ్చుకోలేదు. నెమ్మదిగా పని చేసుకుని, సొంత కూడు తినమని రాశాడు.

సిద్ధపాటు గురించి నేను నేర్చుకున్నది పుస్తకాల్లోకంటే ఇంట్లోనే ఎక్కువ. మాది కోలారు బంగారుగనుల ఊరు. మా తాత చిత్తూరు జిల్లా నుంచి కూలికి వచ్చి ఛాంపియన్ రీఫ్‌లో దిగాడు. మూడు కిలోమీటర్లకు మించిన లోతు ఆ గనిది. మా నాయన కూడా అందులోనే దిగి, 1992లో రిటైరయ్యాడు. గనిమనుషుల లైన్లలో పుట్టినవాడికి ఎదురుచూడటం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. లోపల రాయి పగిలితే పైన నేల కదిలి, అలమరలో గిన్నెలు గలగలలాడేవి. లైన్లలోని ఆడవాళ్ళందరూ షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారు. మా అమ్మా పరుగెత్తేది. కాని నాకు ఎక్కువగా గుర్తున్నది మామూలు రోజుల ఎదురుచూపే. షిఫ్టు దిగి ఆయన ఏ వేళకొస్తాడో చెప్పలేం. అమ్మ పొయ్యిమీద నీళ్ళు కాచి, సెగ పూర్తిగా ఆరకుండా నిప్పుకణికలు నిలిపేది. ఆయన ఎప్పుడొచ్చినా స్నానానికి వేణ్ణీళ్ళు ఉండేవి. ఎప్పుడొస్తాడు అని ఆమె అడగడం నేనెరుగను. ప్రభువు కోసం ఎదురుచూడటమంటే ఎవరైనా గిన్నెలు గలగలలాడిన రోజు పరుగునే వర్ణిస్తుంటే, నాకు ఆ వేణ్ణీళ్ళు గుర్తొస్తాయి.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో పది మంది కన్యకల కథ ఉంది. పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి దివిటీలు పట్టుకుని వెళ్ళారు. ఆయన ఆలస్యం చేయగా పది మందీ నిద్రపోయారు. నిద్రపోయినందుకు ఎవరినీ తప్పుపట్టలేదని గమనించాలి. అర్ధరాత్రి కేకపడ్డాక అయిదుగురి దగ్గర సిద్దెల్లో నూనె ఉంది, అయిదుగురి దగ్గర లేదు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు ఇవ్వలేదు. చిన్నప్పుడు నాకు ఇది పిసినారితనంగా కనిపించి నాయనను అడిగాను. ఆయన చదువు అయిదో తరగతి. "గనిలో దిగేముందు ల్యాంపు రూములో ఎవని లైటు వాడు తీసుకోవాల," అన్నాడు. "కిందికి పోయినాక నా బ్యాటరీలో చార్జి నీ బ్యాటరీలో ఎట్ల పోస్తారా? చెయ్యి పట్టుకుని నా వెలుతురులో నడిపించుకుంటా. చార్జి మాత్రం పోయలేను." తర్వాత ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను గాని, ఆ వివరణను మించింది నాకు దొరకలేదు.

అదే అధ్యాయంలో తరువాతి కథ తలాంతులది. బ్యాంకువాళ్ళకు బైబిలులో చోటు దొరికిన కథ. ఒక తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. ఏడాదికి మూడువందల పనిదినాలు లెక్క వేసుకుంటే ఒక్క తలాంతు ఇరవై ఏళ్ళ జీతం! అయిదు తీసుకున్నవాడు మరో అయిదు, రెండు తీసుకున్నవాడు మరో రెండు సంపాదించారు. ఒక్కటి తీసుకున్నవాడు దాన్ని భూమిలో పాతిపెట్టి, యజమాని తిరిగొచ్చాక తవ్వి అప్పగించాడు. కనీసం సాహుకారుల దగ్గర వేసినా వడ్డీ వచ్చేదిగదా అని యజమాని కోప్పడ్డాడు.

మా వృత్తిలో రోజూ సాయంత్రం నగదు సరిచూసి, ఇద్దరు ఆఫీసర్లు రెండు తాళాలు వేసిగాని ఇంటికి పోకూడదు. తనిఖీకి ఎవరు ఎప్పుడొచ్చినా పుస్తకంలోని అంకె, పెట్టెలోని నగదు ఒకటై ఉండాలి. రాకడకు సిద్ధపడటమన్నా ఇదేనని కొందరు బోధకులు చెబుతారు. చాలాకాలం నాకూ అది సరిపోయింది. కాని ఆ మూడోవాడి లెక్క పైసా తేడా లేకుండా సరిపోయిందే! ఏ ఇన్‌స్పెక్టరూ అతని పుస్తకంలో ఎర్రగీత గీయలేడు. అతను చెప్పుకున్న కారణం భయం. యజమాని కఠినుడని అనుకున్నాడు, అందుకే పాతిపెట్టాడు. మిగిలిన ఇద్దరినీ యజమాని పిలిచింది తన సంతోషంలో పాలు పంచుకోవడానికి. జీతం పెంచుతానని మాత్రమే అని ఉంటే అది ఉద్యోగమయ్యేది. తన సంతోషంలోకే రమ్మన్నాడంటే వాళ్ళను ఇంటివాళ్ళను చేసుకున్నట్టు. తనిఖీదారు కోసం ఎదురుచూసేవాడికీ ఇంటిమనిషి కోసం ఎదురుచూసేవాడికీ లెక్క ఒకటే సరిపోవచ్చు, వేణ్ణీళ్ళు మాత్రం రెండోవాడి పొయ్యిమీదే ఉంటాయి.

ఆ అధ్యాయం చివర తీర్పు ఉంది. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీళ్ళు, పరదేశికి ఆశ్రయం, చెరసాలలో ఉన్నవారికి పలకరింపు. రాజు అడిగేవి ఇవే. వాటిని చేసినవాళ్ళకు తాము చేసినట్టే గుర్తులేదు. దీనికి నేను చూసిన ఉదాహరణ మా అమ్మ పిడికెడు బియ్యం. మా సంఘంలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు వేరే డబ్బాలో వేస్తారు; వారం చివర అవి ఇబ్బందుల్లో ఉన్న ఇంటికి పోతాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మా తమ్ముడు అప్పటికి గనిలో ఉన్నాడు. ఇంట్లోకి జీతం రావడం ఆగింది. లైన్లలో సగం ఇళ్ళు తాళాలు పడ్డాయి. ఆ నెలల్లో అమ్మ డబ్బా ఖాళీ కాలేదు. మనకే చాలనప్పుడు ఎందుకమ్మా అంటే, పిడికెడు తీస్తే కుండకు తెలియదు లేరా అంది.

ఆమెకిప్పుడు 82 ఏళ్ళు. ఆమె ట్రంకుపెట్టెలో సమాధి చేసేటప్పుడు కట్టడానికి తెల్లచీర ఒకటి మడతపెట్టి ఉంది. పెట్టె చేయించడానికి కావలసిన డబ్బు పొదుపు ఖాతాలో వేరుగా ఉంది, నామినేషనుతో సహా. పోయిన వర్షాకాలంలో అదే మనిషి పెరట్లో కొబ్బరిమొక్క నాటింది. కాయ కాయడానికి ఆరేడేళ్ళు పడుతుందని చెప్పబోతే, "ప్రభువు వస్తే ఆయనే చూసుకుంటాడు, రాకపోతే పిల్లోళ్ళు నీళ్ళు తాగుతారు" అంది. యిర్మీయా కుండలో దాచిన దస్తావేజు ఆమె చదివి ఉంటుందో లేదో నేను అడగలేదు.

ఇరవై ఏళ్ళ అప్పుకు సంతకం పెట్టేటప్పుడు నా మనసులో ఉండేది ఇంచుమించు ఇదే. ఆ కుటుంబానికి ఇల్లు కావాలి. అది ఈనాటి అన్నంలాంటి అవసరం. నేను వాళ్ళ కాగితాలు నిజాయితీగా చూడాలి, తీర్చలేని బరువు ఎత్తకూడదు. ప్రభువు ఆ రాత్రే వస్తే, ఒక ఇంటికి కప్పు వేయించే పనిలో ఉండగా వచ్చాడు. రాకపోతే 240 వాయిదాలు ఉండనే ఉన్నాయి.

ఫిలిప్పీ అనే ఊరు మాసిదోనియలో ఉంది. క్రీస్తుకు పూర్వం 42లో అక్కడ యుద్ధం జరిగాక రోము సైనికులకు భూములిచ్చి ఆ ఊళ్ళో కాపురం పెట్టించారు. చుట్టూ గ్రీకు భాష, వాళ్ళ మధ్య లాటిను. ఉన్నది మాసిదోనియలో, పౌరులు రోముకు. ఆ ఊరివాళ్ళకు రాస్తూనే పౌలు, మన పౌరసత్వం పరలోకంలో ఉందని, అక్కణ్ణుంచి వచ్చే రక్షకుడి కోసం కనిపెట్టుకుని ఉన్నామని చెప్పాడు. ఆ మాట వాళ్ళకు తేలిగ్గా ఎక్కివుంటుంది. మనకూ ఎక్కుతుంది. కర్ణాటకలో పన్ను కడతాం, కన్నడంలో అర్జీలు రాస్తాం, పొరుగువాళ్ళ పండుగకూ చావుకూ పోతాం. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఈ ఊరు మనది కాకుండా పోలేదు. పైగా రెండు చోట్లకు చెందినవాడు ఉన్న ఊరిని ఇంకాస్త జాగ్రత్తగా చూసుకుంటాడు.

తొలి క్రైస్తవుల రాకడ ప్రార్థన 'మారనాతా' కూడా ఇటువంటి అల్పసంఖ్యాకుల మాటే. పౌలు కొరింథీయులకు గ్రీకులో రాసిన మొదటి ఉత్తరం చివర ఈ ఒక్క అరమాయిక్ మాటను అట్లాగే ఉంచాడు. యేసు మాట్లాడిన ఇంటిభాష అది. మా ప్రభువా రమ్మని ఒక అర్థం, మా ప్రభువు వచ్చాడని మరో అర్థం. విరుపును బట్టి మారుతుంది. గ్రీకు మాట్లాడే సంఘాలు కూడా ఆ ఒక్క మాటను అనువదించకుండా పలికేవంటే, ఎంత దగ్గరి మాట అయివుంటుందో ఊహించుకోవచ్చు. మా నాయన కూడా మేనేజరుతో ఇంగ్లీషు ముక్కలు, మేస్త్రీతో తమిళం, అంగట్లో కన్నడం మాట్లాడేవాడు. ప్రార్థన మాత్రం తెలుగులోనే చేసేవాడు.

ఇక పరలోకపు సంతోషం. ప్రకటన గ్రంథంలో ఆ పట్టణపు వీధి మేలిమి బంగారమని ఉంది. మా ఊరివాళ్ళకు ఈ వర్ణన వింతగా ఉంటుంది. నూటయిరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం తవ్విన నేల అది. చివరి సంవత్సరాల్లో టన్ను రాయిని పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాములే. మా నాయన జీవితమంతా బంగారం తవ్వాడు; అమ్మ మెడలో మాత్రం పసుపుతాడంత సన్నని గొలుసొకటి. ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరి చివరి రెండేళ్ళు మంచం మీద కూర్చునే నిద్రపోయాడు. ఆ మంచం దగ్గర ఎవరో ఈ అధ్యాయం చదివితే, ఆయాసపడుతూనే నవ్వాడు: "అక్కడ బంగారం కాళ్ళకిందికే నాయనా, తవ్వే పని లేదు." ఆయన 2004లో పోయాడు. ఊపిరి ఆడని మనిషికి పరలోకం అంటే మొదట ఒక నిండు శ్వాస అయివుంటుందని నేను అనుకుంటాను. ఆ పట్టణపు తలుపులు పగలు ఎన్నడూ మూయరని, రాత్రి అక్కడ లేనేలేదని కూడా రాసివుంది. ముప్పై ఏళ్ళుగా రోజూ సాయంత్రం షట్టరు దింపించి తాళాలు లాగి చూసుకునేవాడికి ఆ మాట బాగుంటుంది.

అన్నిటికంటే నాకు నచ్చే మాట ఏడో అధ్యాయంలో ఉంది. సింహాసనం ముందు నిలబడిన ఆ లెక్కకందని జనం ప్రతి జనములోనుంచి, ప్రతి భాష మాట్లాడేవారిలోనుంచి వచ్చినవారట. అక్కడ అందరికీ ఒకే భాష నేర్పించినట్టు లేదు. భాషలన్నీ ఉన్నాయి, అందులో తెలుగూ ఉంటుంది. మైనారిటీ అనే మాటకు అక్కడ అర్థం ఉండదు.

మా చర్చిలో ఇప్పుడు ఆదివారం నలభై మందికి మించరు. వయసు పిల్లలు వారమంతా తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వస్తారు. ఆదివారం నిద్రకళ్ళతో పాడతారు. చాలామంది తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చూస్తారు. నేను రెండేళ్ళుగా ఆరాధన అయ్యాక ఆరుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పుతున్నాను. వాళ్ళు పెద్దయ్యేదాకా ఈ సంఘం ఉంటుందో, లోకమే ఉంటుందో నాకు తెలియదు. పలకలు కొన్నాను. పోయిన ఆదివారం గుణింతాలు మొదలుపెట్టాం.